రౌటరు మారిస్తే లాప్‌టాపూ మార్చాలా?

"కొత్త రౌటరుకి మీ పాత లాప్‌టాప్ పనికిరాదండీ, అదీ మార్చెయ్యండి" అని చెప్పే సలహాదారులు మా చేబ్రోల్లోనూ తయారయ్యారు. వింటే నాకు ఒళ్ళు మండుతుంది. 2010లో కొన్నది ఇంకా పిల్లలకి పాఠాలు వినిపిస్తుంటే, పాతసామాన్లవాడికి వెయ్యాలా?

అసలు సంగతి వినండి. పాత యంత్రాల్లో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే తెలుసు. కొత్తవాటికి 5 కూడా తెలుసు. రెండూ ఇచ్చే డ్యూయల్ బ్యాండ్ రౌటరు కొని, రెంటికీ వేరే పేర్లు పెట్టుకోండి. 2.4కి వేగం తక్కువే, కానీ గోడలు బాగా దాటుతుంది. మా ఊళ్ళో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు కట్టించిన గుళ్ళో బ్రహ్మ నాలుగు దిక్కులకీ ముఖం చూపిస్తాడు. వేలు పోసి కొన్న రౌటరు రెండు వైపులైనా చూడొద్దూ?

ఇక 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 తాళం. అదొక్కటే బిగిస్తే పాతది గుమ్మం బయటే నిలబడుతుంది. డబ్ల్యూపీఏ2నీ ఒప్పుకునేట్టు పెడితే చాలావరకు సరిపోతుంది. (విండోస్ 7కి 2020లోనే మరమ్మతులు ఆగిపోయాయి గనక బ్యాంకు పనులు దాంట్లో వద్దు. ఆ జబ్బు వేరు, రౌటరుది కాదు.)

అయిదు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. అందుకే కాబోలు, కొట్లో ఎవరూ చెప్పరు!