ద్వారక అంటే ఏ ద్వారక?

ద్వారక అని టైపు చేస్తే కంప్యూటరు దేన్ని చూపాలి? గుజరాత్ తీరంలోని కృష్ణుడి పట్టణాన్నా, ఢిల్లీలో సెక్టార్లుగా విస్తరించిన ఉపనగరాన్నా, ఏలూరు జిల్లాలోని మన ద్వారకా తిరుమలనా? మనిషి సందర్భాన్ని బట్టి తేల్చుకుంటాడు. యంత్రానికి పేరు చాలదు, గుర్తింపు సంఖ్య కావాలి. 2012లో మొదలైన వికీడేటా ఇచ్చేది అదే. అందులో ఢిల్లీ అంటే క్యూ1353. ఏ భాషలో వెతికినా ఆ సంఖ్య మారదు.

2004లో పుట్టిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను కూడా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే నిర్మిస్తున్నారు. ద్వారకలో ఏ వీధి ఎటు తిరుగుతుందో, మెట్రో స్టేషన్ ఎక్కడుందో దాన్ని చూస్తే తెలుస్తుంది. రెండూ ఉచితమే కదా, కలిపేస్తే పోలేదా అనిపిస్తుంది. కలపకూడదు, ముడివేయాలి అంటాను.

మొదటి అడ్డంకి లైసెన్సు. వికీడేటాకు షరతుల్లేవు. మ్యాప్ డేటాతో తయారైన డేటాబేస్‌ను పంచుకుంటే మాత్రం మూలం పేర్కొని, అవే షరతులతో ఇవ్వాలి. కాబట్టి అక్కణ్నుంచి ఇక్కడికి టోకున ఎత్తిపోయడం కుదరదు.

అసలు చిక్కు నకళ్లతోనే. 2022 ఏప్రిల్ 4న ద్వారకా తిరుమల పశ్చిమ గోదావరి నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. అంతకుముందు నకలు తీసుకున్నవారి దగ్గర పాత జిల్లాయే మిగులుతుంది. ముడి ఉంటే ఒకచోట దిద్దితే చాలు. పైగా వికీడేటాలో పాత జిల్లాను చెరపక్కర్లేదు, ఏ తేదీ వరకో రాయవచ్చు. చరిత్ర రాసేవాళ్లకు ఇదేమీ చిన్న సౌకర్యం కాదు.

ముడి ఎటువైపు నుంచి వేయాలన్నదీ ముఖ్యమే. మ్యాప్‌లో ఒక భవనాన్ని చెరిపి మళ్లీ గీస్తే దానికి కొత్త సంఖ్య వస్తుంది. అందుకే మ్యాప్‌లోని స్థలానికి వికీడేటా సంఖ్యను తగిలించడమే నమ్మకమైన దారి. అప్పుడు వికీడేటాలో ఒక్కసారి రాసిన తెలుగు పేరును మ్యాప్‌లు తయారుచేసేవాళ్లు నేరుగా వాడుకోవచ్చు.

గూగుల్ 2010లో కొని, 2016లో మూసేసిన ఫ్రీబేస్ సంగతి చూడండి. దాని సమాచారంలో కొంతే వికీడేటాకు చేరింది. ప్రతి అంశానికీ ఆధారం కావాలని అక్కడివాళ్లు పట్టుబట్టడం అందుకు ఒక కారణం. ఆ పట్టుదల సబబే.

పేర్లు పోల్చి సాఫ్ట్‌వేర్‌తో గంపగుత్తగా ముడులు వేయడం నాకు నచ్చదు. ఒక్క ముడి తప్పితే తప్పు రెండువైపులా పాకుతుంది. తెలుగు రాష్ట్రాల్లో రామాపురాలు ఎన్ని లేవు! ఏ రామాపురం ఏ మండలంలోదో అక్కడి కాలేజీ విద్యార్థి చెప్పగలడు, సాఫ్ట్‌వేర్ ఊహించగలదంతే.