మూర్ఛ మందుల దుష్ఫలితాలు - ఏజెన్సీలో నమోదు ఆవశ్యకత

ఉట్నూర్: మూర్ఛ వ్యాధిగ్రస్తులు మందులను మధ్యలో మానివేయడానికి నిర్లక్ష్యమే కారణమని భావించడం పరిపాటి. ఇది సగం నిజం మాత్రమే. ఫినిటాయిన్ వల్ల చిగుళ్లు పెరగడం, ఫినోబార్బిటోన్ వల్ల మగత, అరుదుగా కార్బమజెపైన్ వల్ల చర్మం పొక్కి ఊడిపోవడం వైద్యశాస్త్రం గుర్తించిన దుష్ఫలితాలే. ఆసియా ప్రజలలో ఒక జన్యు లక్షణం గలవారికి ఈ చివరి ముప్పు అధికమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007 డిసెంబరులో హెచ్చరించింది.

వాల్‌ప్రోయేట్ విషయం మరింత తీవ్రమైనది. గర్భిణులు దీనిని వాడినపుడు సుమారు 10 శాతం శిశువులలో అవయవ లోపాలు, 30 నుంచి 40 శాతం మందిలో ఎదుగుదల సమస్యలు కలుగుతున్నట్లు ఐరోపా ఔషధ సంస్థ సమీక్షలో తేలింది. అయినప్పటికీ మందును హఠాత్తుగా ఆపితే ఎడతెగని మూర్ఛలు వచ్చి ప్రాణాపాయం ఏర్పడవచ్చు. మార్పు వైద్యుని సలహాపైనే జరగాలి.

దేశంలో 2010లో ప్రారంభమైన ఔషధ భద్రతా పర్యవేక్షణ కార్యక్రమం కింద దుష్ఫలితాలను 1800-180-3024 నంబరుకు ఉచితంగా తెలియజేయవచ్చు. రోగులు పూరించే ఫారం తెలుగులోనూ ఉన్నది. ఏజెన్సీలో చిక్కు ఇక్కడే. గోండి, కొలామి మాట్లాడే తల్లి బిడ్డ ఒంటిపై దద్దుర్ల సంగతి ఆశా కార్యకర్తకు నోటిమాటగా చెబుతుంది. ఆ మాట మందు పేరు, మోతాదు, తేదీలతో కాగితంపైకి చేరినపుడే లెక్కలోకి వస్తుంది.