ఇద్దరిలో ఎవరిని పంపవలెను?

సారంగాపూరునుండి ఒక సోదరి ఈ నెల మాకొక యుత్తరము వ్రాసినది. ఉత్తరము చిన్నది, అందలి ప్రశ్న మాత్రము చిన్నది కాదు. ఆమె పెనిమిటి గల్ఫు దేశమున పనిలో నున్నాడు; మరిదియు నక్కడనే. ఇంట అత్తగారు, తాను, తన యారాలు, పిల్లలు. పొలము పని లేని దినములలో కోడండ్రిద్దరును బీడీలు చుట్టుదురు. ఆమె కూతురును, యారాలి కూతురును ఒకే యేడు పుట్టినవారు. ఒకే బడిలో మూడవ తరగతి చదువుచున్నారు. క్రీడా పాఠశాల ఎంపికలకు ఇద్దరిని పంపుడని బడి ఉపాధ్యాయుడు చెప్పినాడట. "ఇద్దరిని వెంటబెట్టుకొని తిరుగుట మనవల్ల కాదు, ఒక్కదానిని పంపుడు" అని అత్తగారి యాజ్ఞ.

"నా బిడ్డ పొడుగరి, నిదానము గలది. యారాలి బిడ్డ పొట్టిది, దినమంతయు పరుగే. నా బిడ్డను పంపిన స్వార్థమందురు. ఆమె బిడ్డను పంపిన నా బిడ్డకు నేనే అన్యాయము చేసినదాన నగుదును. ఆటల పెద్దలు పిల్లల నెట్లు ఎన్నుకొందురో చెప్పిన, ఆ ప్రకారము నేను నిర్ణయించుకొందును" అని ఆ సోదరి యడిగినది.

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు మేము అమెరికా దాక పోవలసివచ్చెను. పాఠకురాండ్రు నవ్వకుందురు గాక! ఏ పడుచువాడు ముందుముందు గొప్ప ఆటగాడగునో నేడే కనిపెట్టుట జీవనవృత్తిగా గలవా రా దేశమున ఎందరో కలరు. వారికి జీతములు గలవు, కొలబద్దలు గలవు, వైద్యులు గలరు. ఇన్ని యుండియు వారెట్లు ఎన్నుకొందురో, ఎట్లు పొరబడుదురో చూచిన, సారంగాపూరు ఇంటి సమస్య కొంత తేలికపడునని మాకు తోచినది.

బాస్కెట్‌బాల్ అనగా ఎత్తున కట్టిన వలబుట్టలో బంతిని వేయు ఆట. అమెరికాలో ఇది డబ్బిచ్చి చూచు ఆట. పురుషుల ప్రధాన సంఘమున 30 జట్లు గలవు. ప్రతి సంవత్సరము జూన్ మాసమున ఈ జట్లు కొత్తగా వచ్చు యువకులను వంతుల ప్రకారము ఏరుకొనును. దీనిని డ్రాఫ్ట్ అందురు. క్రిందటి యేడు ఎక్కువగా ఓడిన జట్టుకు ముందు వంతు దొరకు నవకాశ మెక్కువ. బక్కచిక్కిన బిడ్డకు ముందుగా వడ్డించు తల్లి పద్ధతి యిది, మాకు నచ్చినది. అయితే ముందు వంతు కొరకు కావలెనని ఓడుదురేమో యను అనుమానము పుట్టగా 1985 మొదలు లాటరీ పెట్టిరి. ఇప్పుడు 1 మొదలు 14 వరకు అంకెలు వేసిన చిన్న బంతులను యంత్రములో గిరగిర త్రిప్పి నాలుగింటిని పైకి తీయుదురు.

స్త్రీల సంఘము 1997లో ఆట ప్రారంభించినది. వారి డ్రాఫ్ట్ ఏప్రిల్ మాసమున జరుగును. 2024లో ఇండియానా జట్టు మొదటి వంతులో కైట్లిన్ క్లార్క్ అను నామెను తీసికొన్నది. ఆమె పేరు అప్పటికే ఆ దేశమంతట మారుమ్రోగుచుండెను గావున ఆ యెన్నికకు పెద్ద తెలివి అక్కరలేకపోయెను. అటువంటి పేరు లేనప్పుడే కష్టమంతయు.

ఎన్నువారు ముందుగా కొలుతురు. పాదరక్షలు విప్పించి ఎత్తు కొలుతురు. చేతులు చాపించి ఈ కొననుండి ఆ కొనకు కొలుతురు. నిలుచున్నచోటినుండి ఎంత ఎగురునో చూతురు. ఎముకలు, కీళ్లు వైద్యులచే పరీక్ష చేయింతురు. పాత ఆటల చలనచిత్రములను మరల మరల చూతురు. గురువుల నడిగి గుణము తెలిసికొందురు. ఇంతయు నైన తర్వాత అసలు చిక్కు వచ్చును: ఉన్నవారిలో ఉత్తముని తీసికొనవలెనా, లేక తమ జట్టుకు కొరతగా నున్న స్థానమునకు సరిపోవువానిని తీసికొనవలెనా?

1984లో పోర్ట్‌లండ్ జట్టుకు రెండవ వంతు దొరకినది. మైకేల్ జోర్డన్ అను యువకుడు ఆ యేటి డ్రాఫ్ట్‌లో నున్నాడు. అయితే అతడాడు స్థానమున వారికి క్లైడ్ డ్రెక్స్‌లర్ అను సమర్థుడు అంతకుముందు సంవత్సరమే దొరకినాడు. వారికి లేనిది పొడవైన నడిమి ఆటగాడు. కావున ఏడడుగులు మించిన శామ్ బోయీని తీసికొనిరి. కాలి యెముక విరిగి కాలేజీలో రెండేండ్లు ఆడలేకపోయినవాడని తెలిసియే తీసికొనిరి. మూడవ వంతు షికాగో జట్టుది. వారు జోర్డన్‌ను తీసికొనిరి. జోర్డన్ తన జట్టును ఆరు మార్లు విజేతగా నిలిపినాడు. బోయీ కాలు మరల విరిగినది.

నాటినుండి నేటివరకు పోర్ట్‌లండ్ వారిని జను లెగతాళి చేయుచునే యున్నారు. మేము మాత్రము అంత సులభముగా నవ్వజాలము. ఇంట గంజు ఉండగా మరల గంజే కొనక మూకుడు కొన్న యిల్లాలిని ఎవరు తప్పుపట్టుదురు? అయితే మనుష్యులు గంజులు కారు. నేడున్న కొరతను చూచి రేపటి మనిషిని కొలిచినందుననే ఆ పొరపాటు జరిగినది.

ఇక మన సోదరి ప్రశ్నకు మరింత దగ్గరగా వత్తము. పొడుగరి యొకతె, పొట్టిది యొకతె గదా! పంజాబులో బర్నాలా జిల్లా బల్లోకే గ్రామమున పుట్టిన సత్నాం సింగ్ ఎత్తు 7 అడుగుల 2 అంగుళములు. అతడు పదునాలుగేండ్ల ప్రాయమున, 2010లో, శిక్షణకై అమెరికా పోయినాడు. 2015 డ్రాఫ్ట్‌లో డల్లాస్ జట్టు అతనిని 52వ వంతున తీసికొన్నది. ఆ డ్రాఫ్ట్‌లో ఎన్నికైన మొదటి భారతీయుడతడే. కాని ప్రధాన సంఘపు పోటీలో ఒక్కనాడైనను ఆడు నవకాశ మతనికి దొరకలేదు. తర్వాత మల్లయుద్ధ ప్రదర్శనలకు తరలిపోయినాడు. పొడవు తలుపు తెరచినది గాని లోపల పీట వేయలేదు.

పొట్టివారి మాటకు వచ్చిన, బెకీ హామన్ అను నామె ఎత్తు 5 అడుగుల 6 అంగుళములు మాత్రమే. మన యిండ్లలో నిది మంచి పొడవే గాని, ఆ యాటలో పొట్టి. 1999 డ్రాఫ్ట్‌లో ఏ జట్టును ఆమె పేరు పిలువలేదు. తర్వాత న్యూయార్క్ జట్టు వట్టి ఒప్పందముమీద చేర్చుకొన్నది. ఆమె పదునారు ఋతువులు ఆడినది. 2014లో శాన్ అంటోనియో పురుషుల జట్టు ఆమెను సహాయ శిక్షకురాలిగా నియమించినది; పురుషుల ప్రధాన సంఘమున పూర్తి వేతనముతో ఆ యుద్యోగము పొందిన మొదటి స్త్రీ ఆమెయే. అటుపిమ్మట లాస్ వేగాస్ స్త్రీల జట్టుకు ముఖ్య శిక్షకురాలై 2022, 2023, 2025 సంవత్సరములలో విజయము సమకూర్చినది.

నవ్వు పుట్టించు సంగతి యొకటి చెప్పి అమెరికానుండి మరలివత్తుము. 2014లో సెర్బియా దేశపు నికోలా యోకిచ్ అను మందగమనుని డెన్వర్ జట్టు 41వ వంతున తీసికొన్నది. అతని పేరు ప్రకటించు నప్పుడు టెలివిజనులో తినుబండారముల యంగడి ప్రకటన నడచుచుండినది! అతడు మూడు మార్లు సంఘమంతటిలో ఉత్తమ ఆటగాడని పేరు పొందినాడు. 2023లో తన జట్టును గెలిపించినాడు.

మన దేశమున అందరెరిగినది డ్రాఫ్ట్ కాదు, క్రికెట్ వేలము. వేలమను మాట ఆడపిల్లల పేర్ల ప్రక్కన మాకు చెవి కింపుగా లేదు. కాని అందువలన వారి చేతికి వచ్చు సొమ్ము వారి సొంతమగుట చూచి ఊరకున్నాము. స్త్రీల ప్రీమియర్ లీగ్ తొలి వేలము 2023 ఫిబ్రవరిలో ముంబయిలో జరిగినది. ఐదు జట్లు, ఒక్కొక్కదానికి 12 కోట్ల రూపాయలు. సుత్తె పట్టి వేలము నడిపినది గూడ మల్లికా సాగర్ అను స్త్రీయే. కడప జిల్లా యెర్రమల్లె గ్రామపు శ్రీచరణి పరుగుపందెములు మొదలైన ఆటలతో ప్రారంభించి, ఆలస్యముగా క్రికెట్ పట్టినది. 2024 డిసెంబరు వేలములో ఢిల్లీ జట్టు ఆమెను 55 లక్షలకు తీసికొన్నది. మరుసటి యేడు నవంబరు 2వ తేదీన భారతదేశము ప్రపంచకప్పు గెలిచినప్పుడు ఆమె ఆ జట్టులో నుండి, ఆ పోటీలలో 14 వికెట్లు పడగొట్టినది.

భద్రాచలపు గొంగడి త్రిష సంగతి వేరు. 2024 డిసెంబరు వేలములో ఆమెను ఏ జట్టును కొనలేదు. రెండు నెలలు తిరుగకముందే, పందొమ్మిదేండ్ల లోపు బాలికల ప్రపంచకప్పులో ఆమె 309 పరుగులు చేసి, ఆ పోటీల చరిత్రలో మొదటి శతకము కొట్టి, ఉత్తమ క్రీడాకారిణి యైనది. 2025 నవంబరు వేలములో గాని ఆమె కొక జట్టు దొరకలేదు.

సారంగాపూరు పిల్లలు తలపడవలసినది వేరొక తూకము. హకీంపేటలోని రాష్ట్ర క్రీడా పాఠశాలకును, కరీంనగరు, ఆదిలాబాదు క్రీడా పాఠశాలలకును నాలుగవ తరగతిలో పిల్లలను చేర్చుకొందురు. మొదట మండలమున, తర్వాత జిల్లాలో, ఆపైన రాష్ట్రస్థాయిలో ఎంపికలు జరుగును. చేరినవారి చదువు, వసతి, భోజనము ప్రభుత్వమే భరించును. ఎంపికలో ఎత్తు, బరువు చూతురు. 30 మీటర్లు పరుగెత్తింతురు. నిలుచున్నచోటినుండి ముందుకును పైకిని దూకింతురు. అటునిటు మలుపు పరుగు పెట్టింతురు. బరువు బంతి విసరింతురు. వంగి చేయి ఎంత చాచగలదో కొలుతురు. చివరకు 800 మీటర్లు పరుగెత్తింతురు.

సోదరీ, ఈ వరుస చూడుడు. ఎత్తు మీ బిడ్డకు లాభము. చిన్న పరుగు, మలుపు పరుగు యారాలి బిడ్డకు లాభము కావచ్చును. బరువు బంతి ఎవరిదో మీకును తెలియదు, మాకును తెలియదు. 800 మీటర్లలో నిదానస్తురాలే గెలువవచ్చును. దినమంతయు పరుగెత్తు పిల్లలు మొదటనే ఊపిరి కోల్పోవుట మేము చూచితిమి.

ఇంకొక మాట. ఇద్దరును ఒకే యేడు పుట్టినవారంటిరి, నెలలు వ్రాయలేదు. జనవరి బిడ్డ డిసెంబరు బిడ్డకన్న పదునొకండు నెలల అన్నము ఎక్కువ తిన్నది. ఎనిమిదేండ్ల ప్రాయమున అది కొంచెము కాదు. కెనడాలో మంచుపై హాకీ ఆడు పెద్ద ఆటగాండ్ర జన్మమాసములు లెక్కించిన పండితులు, సంవత్సరారంభమున పుట్టినవారే అందులో ఎక్కువగా నున్నారని 1985లో ప్రకటించిరి. చిన్ననాడు కొలిచినవారు వయస్సును బలమని భ్రమపడి, ఆలస్యముగా పుట్టినవారిని ప్రక్కకు నెట్టినారన్నమాట. మీ యింట పొడుగరి నెలలలో గూడ పెద్దదేమో, చూచుకొనుడు.

కావున మా సమాధానమిది. ఇద్దరిని పంపుడు. ఒక యింటినుండి ఒక్క బిడ్డయే రావలెనను నిబంధన పాఠశాల వారిది కాదు. అది మీ వంటింటి గడప దగ్గర పుట్టినది. కొలబద్దలు, వైద్యులు, చలనచిత్రములు గలవారే జోర్డన్‌ను విడిచిరి. బెకీ హామన్‌ను పిలువనే లేదు. మీరు బీడీ ఆకు కత్తిరించుచు, అత్తగారి ముఖము చూచుచు, యారాలి మనస్సు నొవ్వకుండ చేయు నిర్ణయము వారిదానికన్న నిక్కమగునని మేము చెప్పజాలము. ఇద్దరిని ఆ గీత దగ్గర నిలుపుడు. కొలుచుట వారి పని.

అత్తగారి మాటలో న్యాయము లేకపోలేదు. మగవారు లేని యింట ఒక కోడలు దినమంతయు బయటనున్న, రెండవ కోడలిపై భారము పడును. ఆ దినపు బీడీ కూలియు పోవును. కాని ఒక బిడ్డ వెంట పోవువారే ఇద్దరి వెంట పోవచ్చును. మండల ఎంపిక సారంగాపూరులోనే గదా! జగిత్యాలకు పోవలసివచ్చినప్పుడు ఈసారి మీరు, మరొకసారి యారాలు పోవచ్చును. అత్తగారితో అమెరికా కథలు చెప్పకుడు. "పెద్దమనుమరాలు, చిన్నమనుమరాలు ఇద్దరును మీ పేరే చెప్పుదు"రని చెప్పిన చాలును. వీలైన ఆమెనే వెంటబెట్టుకొని పొండు. మనుమరాండ్రు పరుగెత్తుట చూచిన తర్వాత ఏమనునో చూతము.

ఒక్కతెయే ఎంపికైన యెడల ఏమి చేయవలెనో గూడ ముందుగనే మీరిద్దరు యారాండ్రును మాటాడుకొనుడు. ఎంపిక కాని బిడ్డకు ఆనాడు ఏ పోలికయు చెప్పకుడు. పైగా ఎనిమిదేండ్ల బిడ్డను హాస్టలుకు పంపుట చిన్న మాట కాదు. చేర్చుటకు ముందు అక్కడికి స్వయముగా పోయి చూడుడు. రాత్రివేళ ఆడపిల్లల దగ్గర ఏ స్త్రీ యుండును, జ్వరము వచ్చిన ఎవరికి చెప్పవలెను, తల్లితో మాటాడుటకు ఏ దినము వీలగును అని అడుగుడు. అడిగినందుకు విసుగుకొనువారి దగ్గర బిడ్డను విడువకుడు. మీ బిడ్డకే సీటు వచ్చి, రాత్రులు మిమ్ము విడిచి యుండలేకపోయిన, వెనుకకు తెచ్చుకొనుటలో నామోషీ లేదు.

పుట్టినతేదీ పత్రము, ఆధార్ కార్డు, బడివారిచ్చు పత్రము, ఫొటోలు ఇద్దరివి వేర్వేరు సంచులలో పెట్టుడు. పత్రములలో ఇంటిపేరు, తేదీ ఒకే విధముగా నున్నవో లేదో ఇప్పుడే చూచుకొనుడు, తప్పున్న దిద్దించుటకు దినములు పట్టును. ఆనాటి యుదయము కడుపునిండ పెట్టక, తేలికగా, రెండు గంటల ముందే పెట్టుడు. కొత్త బూట్లు ఆనాడే తొడుగకుడు, కాలు కొరుకును. ఫలితము మాకు వ్రాయుడు, ఇద్దరిదియు.