తలుపు తీశాడు సరే, తాళంచెవి ఎవరి చేతిలో?

షాపింగ్ మాల్ కట్టిన షావుకారు కథ మనకెందుకు అని మిత్రులు అడగొచ్చు. మాల్‌లో మనవాళ్ళు ఎక్కువగా కనిపించేది గేటు దగ్గర సెక్యూరిటీ బట్టల్లో, లేకపోతే చేతిలో చీపురుతో. నిజమే. అయినా అమెరికాలో జేమ్స్ రౌస్ అనే మాల్ వ్యాపారి కథ మనం తెలుసుకోవాలి. ఎందుకంటే అతను చెడ్డవాడు కాదు. మంచి షావుకారు మన బాధ ఎంతవరకు తీర్చగలడో తేలాలంటే మంచివాడి కథే చూడాలి గదా.

రౌస్ 1914లో మేరీలాండ్ రాష్ట్రంలోని ఈస్టన్‌లో పుట్టాడు. 1930లో తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. ఇల్లు బ్యాంకు పాలయింది. బాల్టిమోర్‌లో గ్యారేజీలో కార్లు నిలబెట్టే పని చేస్తూ రాత్రిపూట లా చదివాడు. ఇళ్ళ అప్పులకు హామీ ఇచ్చే ప్రభుత్వ సంస్థలో కొన్నాళ్ళు పనిచేసి, 1939లో ఇళ్ళ తాకట్టు మీద అప్పులిప్పించే కంపెనీ పెట్టాడు.

ఆ ప్రభుత్వ హామీ ఎవరికి? దాదాపు అంతా తెల్లవాళ్ళకి. నల్లవాళ్ళ పేటలకు సర్కారు పటాల్లో ఎర్రరంగు పూసి, అక్కడ అప్పివ్వడం ప్రమాదమని రాశారు. ఆ హామీతోనే పట్నం శివార్లలో కొత్త ఇళ్ళు లేచాయి. నల్లవాడు డబ్బు పట్టుకుపోయినా అక్కడ ఇల్లు అమ్మేవాళ్ళు కాదు. ఊరికి ఎడంగా వాడ ఎందుకుందో ఎరిగిన మనకు ఇది విడమరిచి చెప్పాలా? 1946లోనే బాబాసాహెబ్ అంబేద్కర్ నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాసి, వాళ్ళ స్థితికీ అంటరానివాళ్ళ స్థితికీ ఉన్న పోలికను గుర్తుచేశాడు.

తెల్లవాళ్ళ ఇళ్ళ వెనకాలే మాల్ పోయింది. 1958లో రౌస్ గ్లెన్ బర్నీలో హారండేల్ మాల్ కట్టాడు. పైన కప్పేసి, లోపల చల్లగా ఉంచిన బజారు అది. 1961లో చెర్రీ హిల్ మాల్. డబ్బు పోగయింది.

ఇక్కడే రౌస్ మిగతా షావుకార్లకు ఎడమయ్యాడు. అన్ని రంగులవాళ్ళూ కలిసి బతికే ఊరు కడతానన్నాడు. సుమారు 14,000 ఎకరాలు కొన్నాడు. ఎట్లా కొన్నాడు? ఉత్తుత్తి కంపెనీల పేర్లతో, గుట్టుగా, ఎకరం సగటున 1,500 డాలర్ల లోపే. మన దగ్గర దీన్నే బినామీ అంటాం. 1967 జూన్‌లో కొలంబియా అనే ఆ ఊరు మొదలయింది. తెల్లవాళ్ళకూ నల్లవాళ్ళకూ పెళ్ళి కూడదనే చట్టాలను అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది కూడా అదే నెలలో. రంగు చూసి ఇల్లు లేదనడం కొలంబియాలో కుదరదన్నాడు. ఇరుగుపొరుగు కలుసుకోవాలని ఉత్తరాల పెట్టెలు కొన్నిళ్ళకు కలిపి ఒకేచోట పెట్టించాడు. వేరువేరు మతశాఖలవాళ్ళు ఒకే కట్టడంలో ప్రార్థనలు చేసుకునే ఏర్పాటు చేయించాడు. ఈనాడు లక్షమందికి పైగా ఉన్న ఊరది. ఇంత చేసినవాణ్ణి మెచ్చుకోవడానికి మనం వెనకాడం.

కాని మిత్రులారా, మెచ్చుకోవడం వేరు, నమ్మి కూర్చోవడం వేరు. ఇల్లు అమ్మేటప్పుడు రంగు చూడకూడదని దేశమంతటికీ చట్టం వచ్చింది 1968 ఏప్రిల్‌లో. అది షావుకార్ల మంచితనంతో రాలేదు. ఏళ్ళ తరబడి నల్లవాళ్ళు దెబ్బలు తిని, జైళ్ళకు పోయి, ఆఖరికి మార్టిన్ లూథర్ కింగ్ నెత్తురు చిందిన వారానికి వచ్చింది. రౌస్ దయ ఒక ఊరికే సరిపోయింది. పోరాటం తెచ్చిన చట్టం దేశానికి చెందింది.

మాల్ సంగతి కూడా చూడండి. పోర్ట్‌లాండ్ పట్నంలో కొందరు యువకులు ఒక మాల్‌లో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా కరపత్రాలు పంచారు. కాపలావాళ్ళు బయటికి పొమ్మన్నారు. 1972లో సుప్రీంకోర్టు ఏమంది? మాల్ సొంత ఆస్తి, కరపత్రం వద్దనే హక్కు యజమానికి ఉందంది. తర్వాత కాలిఫోర్నియా లాంటి కొన్నిచోట్ల వెసులుబాటు దొరికింది, అంతే. కొనేవాడిగా రా, నోరు విప్పేవాడిగా రావద్దు అనడమే గదా ఇది! ఊరి సంతలో, బస్టాండులో డప్పు కొట్టి సభ చెప్పుకునే మనకు, బజారంతా మాల్ లోపలికి పోతే కరపత్రం పంచే చోటేది?

రౌస్ 1996లో పోయాడు. 2004లో అతని కంపెనీని సుమారు 1,260 కోట్ల డాలర్లకు ఇంకో మాల్ కంపెనీ కొన్నది. 2009లో ఆ కంపెనీ దివాలా కోర్టుకెక్కింది. మంచివాడు పోతే మంచితనం ఆస్తి పత్రాలతోపాటు చేతులు మారుతుందా? పత్రాలు మారతాయి, అంతే.

అతని కథలో మనం నిజంగా పట్టుకోవలసింది ఇంకొకటుంది. 1970ల మొదట్లో వాషింగ్టన్‌లో ఒక చిన్న చర్చి ఆడవాళ్ళు, పాడుబడ్డ రెండు అద్దె కట్టడాలను పేదల కోసం కొంటామని రౌస్ దగ్గరకొచ్చారు. మీవల్ల కాదన్నాడు. వాళ్ళు వినలేదు, బయానా ఇచ్చేశారు. ఇక తప్పదని రౌస్ అప్పు కుదిర్చాడు. ఆ పని చూసి కళ్ళు తెరుచుకునే, 1982లో పేదల ఇళ్ళ కోసం భార్యతో కలిసి ఒక సంస్థ పెట్టాడు. అంటే మంచి షావుకారుకు కూడా దారి చూపింది పట్టువదలని జనమే.

కాబట్టి రేపు మన వాడ పక్క పొలాల్లో మాల్ వస్తుందనీ, పిల్లలకు ఉద్యోగాలొస్తాయనీ ఎవరన్నా తియ్యగా చెప్తే, వద్దనక ముందే, సరేననక ముందే మూడు ప్రశ్నలు అడగండి. భూమి ఎవరి పేరున కొంటున్నారు? రాతకోతల్లో మనకేముంది? మీరు పోయాక ఎవరు జవాబుదారీ?

దయ మనిషితో పోతుంది. హక్కు కాగితం మీద, సంఘం బలం మీద నిలబడుతుంది.