పెద్ద ఉక్కును తొలిచే చేయి ఎవరిది?

2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర ఆనకట్ట పందొమ్మిదో గేటు గొలుసు తెగి, గేటు ప్రవాహంలో కొట్టుకుపోయింది. నిండుకుండలా ఉన్న జలాశయం నుంచి వారం రోజుల పాటు నీరు నదిపాలైంది. ఖరీఫ్ మీద ఆశలు పెట్టుకొన్న బళ్ళారి, రాయచూరు, అనంతపురం, కర్నూలు రైతులు గుండె చేత పట్టుకొని చూశారు. ఆ వారమంతా రెండు రాష్ట్రాల పత్రికలూ ఎవరిది తప్పు అన్న చర్చతోనే నిండిపోయాయి. ఎవరి పని ఆ నీటిని నిలబెట్టింది అన్న ప్రశ్నకు మాత్రం అంతగా చోటు దొరకలేదు. సరిహద్దు పల్లెలకు నిజంగా పనికివచ్చేది ఆ రెండవ ప్రశ్నే.

నీటిని నిలబెట్టినవి ఐదు ఉక్కు పలకలు. ఒక్కొక్కటి 60 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు పర్యవేక్షణలో హోస్పేట పరిసరాలలోనూ, తోరణగల్లు జిందాల్ కర్మాగారంలోనూ వాటిని హుటాహుటిన తయారు చేశారు. ఆగస్టు 16న మొదటి పలకను ఉరకలెత్తే నీటిలోనే దించారు. మరునాటి రాత్రికి ఐదూ దిగాయి. ప్రవాహం ఆగింది. ఉపన్యాసాలు కాదు, పెద్ద ఇనుమును కోసి, అతికి, తొలిచి, అంగుళం తేడా లేకుండా గాడిలో కూర్చోబెట్టగల చేతులు ఆ పని చేశాయి.

పావగడ తాలూకాకు ఈ సంగతితో ఏమి సంబంధమని ఎవరైనా అడగవచ్చు. సంబంధం బిందెలోనే ఉంది. తరతరాలుగా ఫ్లోరైడు నీరు తాగి పళ్ళు గారకట్టి, కీళ్ళు పట్టేసిన తాలూకా ఇది. తుంగభద్ర వెనుకజలాలను ఇక్కడికి తెచ్చే తాగునీటి పథకాన్ని 2025 జూలైలో ముఖ్యమంత్రి హోదాలో సిద్ధరామయ్య పావగడలోనే ప్రారంభించారు. పాత గేట్ల బలం మీద నమ్మకం చాలక అదే ఏడాది జలాశయంలో నిల్వను 80 టీఎంసీల దగ్గరే ఆపవలసి వచ్చింది. దాని సామర్థ్యం 105 టీఎంసీలకు పైమాటే. పాత గేట్లను తొలగించి కొత్తవి అమర్చే పని 2025 డిసెంబరులో మొదలైంది. అంటే ఎక్కడో ఒక కర్మాగారంలో ఉక్కుకు రంధ్రం సరిగ్గా పడిందా లేదా అన్నది కూడా నేడు పావగడ ఇల్లాలి నీళ్ళబిందెను తాకే విషయమైంది.

బోరుబావి చెప్పే పాఠం

రంధ్రం వేయడం ఎంత కష్టమో మన రైతుకు కొత్తగా చెప్పనవసరం లేదు. వెయ్యి అడుగులు దింపినా చుక్క కనబడని బోర్లను చూసిన ప్రాంతమిది. బండి నిలిపేటప్పుడే రసమట్టం చూసుకోకపోతే బోరు వంకరపోతుంది. వంకరపోయిన బోరులో కేసింగ్ దిగదు, మోటారు దిగదు, దిగినా పైకి రాదు. లోపలి రాతిపొడిని గాలితో ఎప్పటికప్పుడు పైకి ఊదకపోతే బిట్టు ఇరుక్కుపోతుంది.

ఉక్కును తొలవడంలోనూ ఇవే సూత్రాలు. బరమా నిటారుగా దిగాలి. ఉక్కు పొట్టు ఎప్పటికప్పుడు బయటికి రావాలి. వేడెక్కిన మొన మీద చల్లబరచే ద్రవం పడుతూనే ఉండాలి. తేడా ఒక్కటే. బోరులో నాలుగు వేళ్ళ వంకర ఉన్నా ఎలాగో సర్దుకుంటాము. పెద్ద యంత్రభాగంలో తల వెంట్రుక మందం కన్నా తక్కువ తేడా కూడా కొన్ని చోట్ల చెల్లదు.

యంత్రమే కదలి రావాలి

చిన్న ముక్కకు రంధ్రం వేయాలంటే ముక్కను యంత్రం కిందికి జరుపుతాము. పది టన్నుల ముక్కను ప్రతి రంధ్రానికీ అలా జరపడం సాధ్యం కాదు. అందుకే రేడియల్ డ్రిల్లింగ్ యంత్రం పుట్టింది. దానికి లావుపాటి స్తంభం, స్తంభం చుట్టూ తిరిగే పొడవైన చేయి, ఆ చేతి మీద ముందుకూ వెనక్కూ జరిగే తల ఉంటాయి. ముక్క కదలదు, బరమాయే రంధ్రం ఉన్న చోటికి వస్తుంది. ఇంకా పెద్దవాటికి, ముందే ఉన్న రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు తొలిచి పెద్దది చేయడానికి, అడ్డంగా తొలిచే బోరింగ్ యంత్రాలున్నాయి. మహాకాయాల విషయంలో ముక్కను నేల మీది ఇనుప పరుపులకు బోల్టులతో బిగిస్తారు. యంత్రపు స్తంభమే పట్టాల మీద నడచి వస్తుంది.

ఇటువంటి యంత్రాల మీద తయారయ్యేవి మనకు తెలియనివి కావు. రామగిరి, కళ్యాణదుర్గం కొండల మీద తిరిగే గాలిమరలను చూడండి. మూడు రెక్కలూ వచ్చి కలిసే ఆ మధ్య దిమ్మె టన్నుల బరువున్న పోత ఇనుము. ప్రతి రెక్క కూర్చునే ముఖం చుట్టూ పదుల సంఖ్యలో బోల్టు రంధ్రాలుంటాయి. రెక్క వైపు ఉన్న బోల్టులన్నీ ఒకేసారి వాటిలో దూరాలి. ఒక్క రంధ్రం తప్పినా రెక్క ఎక్కదు. ఆనకట్టలలో చక్రాల మీద లేచే గేట్లదీ ఇదే కథ. చక్రాల ఇరుసులు దూరే రంధ్రాలన్నీ ఒకే గీత మీద ఉండాలి. లేకపోతే నీటి ఒత్తిడినంతా ఒకటి రెండు చక్రాలే మోస్తాయి, మిగిలినవి ఊరికే వేలాడతాయి.

ఎండకు కూడా లెక్క ఉంది. మీటరు పొడవు ఉక్కు ఒక్క డిగ్రీ వేడికి మిల్లీమీటరులో సుమారు నూరవ వంతు సాగుతుంది. 60 అడుగుల పలక ఉదయానికీ మధ్యాహ్నానికీ పది డిగ్రీలు వేడెక్కితే రెండు మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. పొద్దున కొలిచి మధ్యాహ్నం తొలిస్తే రెండు చివరల రంధ్రాలూ కలవవు. ఈ లెక్క తెలిసినవాడే పనిమంతుడు. తెలియనివాడు నెలల తరబడి పోతపోసి, అతికి, చెక్కిన సరుకును ఒక్క గంటలో తుక్కు చేయగలడు. పడిన రంధ్రాన్ని వెనక్కి తీసుకోలేము.

ఎందుకు ఈ పని నిలుస్తుంది

యంత్రాలన్నీ కంప్యూటర్లే నడుపుతున్నప్పుడు మనిషితో ఏమి పని అన్న సందేహం సహజం. వేల సంఖ్యలో ఒకే రకంగా వచ్చే చిన్న ముక్కల విషయంలో ఆ సందేహం నిజమే. ఒకసారి అమర్చితే యంత్రం తనంతట తాను చేసుకుపోతుంది. మహా ముక్కలు మాత్రం ఒకటి రెండుగా, ఒక్కొక్కటి ఒక్కో ఆకారంలో వస్తాయి. క్రేనుతో లేపడం, వంగకుండా ఆనించడం, రసమట్టం చూడడం, ఎక్కడ బిగించాలో, ఎక్కడ బిగిస్తే మెలిపడుతుందో తేల్చడం మనిషి వివేకం. కంప్యూటరు నడిపే యంత్రానికి కూడా ముక్కను సరిగా కూర్చోబెట్టేవాడు కావాలి. రంధ్రం వేసే సమయం కన్నా ఆ కూర్చోబెట్టే సమయమే ఎక్కువైన సందర్భాలున్నాయి. కనుక వచ్చే ఇరవై ఏళ్ళలో చేతిపనికి విలువ మిగిలే చోట్లలో ఇది ఒకటని మా అంచనా.

దీని కష్టమూ చెప్పాలి. గంటల తరబడి నిలబడి చేసే పని. నూనె, శబ్దం, బరువు. తిరిగే బరమా దగ్గర చేతి తొడుగు వేసుకోరాదు. తొడుగు అంచు చుట్టుకుంటే చేయి కూడా వెళుతుంది. వదులు చొక్కా, మెడలో తువ్వాలు, విరబోసిన జుట్టు ఏదీ పనికిరాదు. కాంట్రాక్టు కూలీగా మొదలై అక్కడే ఆగిపోయేవారూ ఉంటారు. ఇవన్నీ తెలిసే బిడ్డలను పంపాలి.

జిల్లాలో ఉన్నదేమిటి, పావగడకు అందినదేమిటి

తుమకూరు జిల్లాకు యంత్రవిద్య కొత్త కాదు. 1953లో బెంగుళూరులో మొదలైన హెచ్‌ఎంటీ దేశానికి యంత్రాలు చేసే యంత్రాలను ఇచ్చింది. రేడియల్ డ్రిల్లింగ్ యంత్రాలూ వాటిలో ఉన్నాయి. అదే సంస్థ తుమకూరులో పెట్టిన గడియారాల కర్మాగారం జిల్లా యువకులకు సూక్ష్మమైన కొలత అంటే ఏమిటో నేర్పింది. 2016లో ఆ గడియారాల కంపెనీని మూసివేయాలని కేంద్రం నిర్ణయించింది. ఆ స్థలంలో 109 ఎకరాలు తరువాత ఇస్రోకు వెళ్ళాయి. కేంద్ర భారీ పరిశ్రమల శాఖ 2014 నాటి పథకం కింద వసంతనరసాపురలో మెషిన్ టూల్ పార్కుకు ఐదు వందల ఎకరాలకు పైగా కేటాయింపు జరిగింది. గుబ్బి తాలూకాలో 615 ఎకరాలలో హెచ్‌ఏఎల్ హెలికాప్టర్ కర్మాగారానికి 2016 జనవరిలో శంకుస్థాపన, 2023 ఫిబ్రవరి 6న ప్రారంభోత్సవం జరిగాయి.

ఇవన్నీ జిల్లాకు దక్షిణాన ఉన్నాయి. ఉత్తరాన, మూడు వైపులా ఆంధ్ర నేల చుట్టుకొన్న పావగడకు అందినది సౌర విద్యుత్తు. తిరుమణి, వళ్ళూరు, బలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామాల రైతులు సుమారు 13 వేల ఎకరాలు కౌలుకిచ్చారు. ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలు, రెండేళ్ళకొకసారి 5 శాతం పెంపు అన్నది ఒప్పందం. 2018 మార్చిలో ప్రారంభమైన ఆ పార్కు 2019 చివరికి 2,050 మెగావాట్లకు చేరింది. కరువు నేలకు అది ఊరటే, కాదనలేము. కానీ కౌలు భూమి ఉన్నవాడికి వస్తుంది. ఆ భూమిలో కూలి చేసినవాడికి రాదు. నిర్మాణం ముగిశాక మిగిలినవి పలకలు కడగడం, గడ్డి కోయడం, కాపలా కాయడం. పని చేసినకొద్దీ నేర్పు పెరిగి, నేర్పుతో పాటు కూలి పెరిగే ఉద్యోగాలు కావవి. సూర్యుణ్ణి కౌలుకిచ్చిన ఊళ్ళకు యంత్రవిద్య వాటాగా రావాలని అడగడం దానం కోరడం కాదు.

స్థానికత అనే ముడి

సరిహద్దు కుటుంబాలు గుర్తించవలసిన మరొక సంగతి ఉంది. 2019లో ఆంధ్రప్రదేశ్ పరిశ్రమలలో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని చట్టం చేసింది. 2024 జూలైలో కర్ణాటక మంత్రివర్గం అటువంటి బిల్లునే ఆమోదించి, పరిశ్రమల నిరసనతో పక్కన పెట్టింది. ఆ బిల్లు నిర్వచనంలో పదిహేనేళ్ళ నివాసంతో పాటు కన్నడం చదవడం, రాయడం, మాట్లాడడం కూడా ఉన్నాయి. బిల్లు ఆగింది కానీ ఆలోచన ఆగలేదు. ఇంట తెలుగు, బడిలో కన్నడం అన్న పావగడ బిడ్డకు ఇది అడ్డంకి కానక్కరలేదు. రెండు భాషలూ చదివి రాయగలిగితే మడకశిర, హిందూపురం, పెనుకొండ వైపు ఉన్న కర్మాగారాలలోనూ, తుమకూరు వైపు ఉన్నవాటిలోనూ మాట కలపగలడు. మాతృభాష మీది అభిమానంతో కన్నడాన్ని, ఉద్యోగం మీది ఆశతో తెలుగును వదులుకోవడం రెండూ నష్టమే. రేఖాపటం చదవడానికి ఏ భాషా అడ్డు కాదు, కొలతలు రెండు భాషలలోనూ ఒకటే.

అడగవలసిన ప్రశ్నలు

పదవ తరగతి తరువాత ఐటీఐలో ఫిట్టర్, టర్నర్, మెషినిస్టు శిక్షణలు రెండేళ్ళవి. కర్ణాటకలో 150 ప్రభుత్వ ఐటీఐలను ఆధునిక యంత్రాలతో తీర్చిదిద్ది 2022 జూన్‌లో ప్రారంభించారు. అయితే ఐటీఐలో ఉండేవి సాధారణంగా చిన్న యంత్రాలు. ఈత ఒడ్డున నేర్చుకోలేనట్లే, పది టన్నుల ముక్కను కూర్చోబెట్టడం పెద్ద కర్మాగారంలోనే వస్తుంది. అందుకు దారి అప్రెంటిస్‌షిప్. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవలసిందే. అది యజమాని దయ కాదు, చట్టం.

కనుక చేర్చేముందు తల్లిదండ్రులు ఐటీఐ వారిని అడగవలసినవి మూడు. పోయిన ఏడాది మీ పిల్లలను ఏ కర్మాగారాలకు అప్రెంటిస్‌లుగా పంపారు? అక్కడ వారు యంత్రం మీద నిలిచారా, సరుకు మోశారా? రేఖాపటం చదవడం, కొలత పరికరాలు పట్టడం చేతితో నేర్పుతున్నారా, నల్లబల్ల మీద చూపుతున్నారా? ఆడపిల్లల తల్లిదండ్రులూ ఇదే అడగాలి. పెద్ద ముక్కను లేపేది క్రేను, భుజం కాదు.

ప్రజాప్రతినిధులను అడగవలసినవి రెండు. పావగడ బిడ్డలకు వసంతనరసాపుర, గుబ్బి కర్మాగారాలలో అప్రెంటిస్ స్థానాలు ఇప్పించి, అక్కడ హాస్టలు వసతి కల్పించండి. సుమారు నూరు కిలోమీటర్లు రోజూ తిరిగి ఎవరూ పని నేర్వలేరు. సౌర పార్కు ఆదాయం నుంచి ఈ తాలూకాలో పెద్ద యంత్రాలున్న శిక్షణశాల ఒకటి నిలపండి. గ్రామసభ తీర్మానాలలో రోడ్డు, మోరీలతో పాటు ఈ రెండు కోరికలూ లిఖితంగా చేరాలి.

ఆనకట్టలు, గాలిమరలు, పంపులు అన్నీ అరిగేవే. డెబ్బై ఏళ్ళ గేటు ఒకటి పోయి ఈ సంగతి చెప్పింది. మళ్ళీ ఎప్పుడైనా, ఎక్కడైనా అటువంటి రాత్రి వస్తే, హుటాహుటిన పిలిచే పనివారి జాబితాలో నాగలమడక, తిరుమణి కుర్రవాడి పేరు ఉంటుందా అన్నదే ప్రశ్న. దాని జవాబు ఈ జూన్‌లో మన ఇంట ఏ దరఖాస్తు నింపుతామో దానిమీద ఆధారపడి ఉంది.