ముప్పు ఎవరిదో చెప్పని చదువులు

రాబోయే కాలమంతా భద్రతా రంగానిదేనట. మామూలు ఇంజనీరింగులు పక్కనపెట్టి పిల్లల్ని సెక్యూరిటీ, రిస్క్ కోర్సుల్లో చేర్పించమని ఈమధ్య ఓ సభలో ఓ పెద్దాయన సెలవిచ్చారు. యుద్ధాలు, సైబర్ దాడులు, ఉగ్రవాదం, మహమ్మారులు, వాతావరణ సంక్షోభం అంటూ వేళ్లు మడిచి లెక్కపెట్టి, వీటన్నిటికీ మందు ఒక్క మాస్టర్స్ డిగ్రీలో ఉందన్నట్టు మాట్లాడారు. సభ చప్పట్లు కొట్టింది. కొట్టదా మరి! విదేశీ చదువుల కన్సల్టెన్సీలు చాలాకాలంగా ఇదే పాట పాడుతున్నాయి. బ్రోషర్ మీద ఒక ఉపగ్రహం, ముసుగు టోపీ వేసుకున్న ఒక హ్యాకర్, వెనకాల నీలిరంగు భూగోళం. ఆ బొమ్మలో మనిషి మాత్రం ఉండడు. ఎవరికి ముప్పు, ఎవరి వల్ల ముప్పు అన్న సంగతి ఎత్తకుండానే ఏడాదికి లక్షల్లో ఫీజు గుంజే చదువు ఇది.

మాట దాచుకోవడం నా వల్ల కాదు. భద్రత, రిస్క్ అనే పేర్లతో విశ్వవిద్యాలయాల్లో ఇప్పుడు ఊపందుకున్న చదువు, గోడ అవతల చస్తున్నవాడికి పనికొచ్చేది కాదు. గోడ ఇవతల కూర్చుని లెక్క రాసేవాడికి మాత్రం బాగా పనికొస్తుంది.

2020 మే 7, తెల్లవారుజాము. విశాఖపట్నం గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురం. ఎల్జీ పాలిమర్స్‌లో ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చి నిద్రలో ఉన్న ఊరిమీద పరుచుకుంది. జనం ఎటు పరుగెత్తాలో తెలియక పరుగెత్తి రోడ్ల మీదే పడిపోయారు. పశువులు కట్టుకొయ్యల దగ్గరే చచ్చిపోయాయి. 12 మంది ప్రాణాలు పోయాయి, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. స్టైరీన్ నిలవ ఉంటే దానంతటదే గడ్డకట్టడం మొదలుపెడుతుంది, ఆ క్రమంలో వేడెక్కుతుంది, వేడెక్కేకొద్దీ ఆ పని మరింత వేగంగా సాగుతుంది. అందుకే దాన్ని చల్లగా ఉంచాలి, టీబీసీ అనే నిరోధక రసాయనం కలుపుతూ ఉండాలి. ఇది రసాయన శాస్త్రం చదివిన ఏ కుర్రాడైనా చెప్పగలిగే విషయం. లాక్‌డౌన్‌లో వారాల తరబడి ట్యాంకు కదలకుండా ఉంది. రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ రెండు నెలల తర్వాత చెప్పినదేమిటి? నిరోధకం నిల్వ లేదు. ఉష్ణోగ్రతను ట్యాంకు అడుగున మాత్రమే కొలుస్తున్నారు, పైన ఎంత కాగుతోందో చూసేవాడు లేడు. శీతలీకరణ యంత్రాన్ని రాత్రిళ్లు ఆపేస్తున్నారు. ఫ్యాక్టరీలో సైరన్ మోగించడానికి 36 చోట్ల ఏర్పాటు ఉంది, గేటు దగ్గరతో సహా. ఒక్కచోటా మోగించలేదు.

ఇదంతా చదివాక ఒక ప్రశ్న అడగాలనిపిస్తుంది. ఈ 12 మంది చావు ఏ శాఖ పాఠంలోకి వస్తుంది? అంతర్జాతీయ సంబంధాల వాళ్లు తమది కాదంటారు. రక్షణ అధ్యయనాల వాళ్లు చైనా సరిహద్దు వైపు చూపిస్తారు. రిస్క్ మేనేజ్‌మెంట్ వాళ్లు దీన్ని కేస్ స్టడీ చేసి, కంపెనీ పరువు ఎంత దెబ్బతిందో, షేరు ఎంత పడిందో చర్చిస్తారు. సిలిగురి దగ్గర దేశం మెడ వెడల్పు ఇరవై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుందని మన విద్యార్థి ఠక్కున చెబుతాడు. తన కాలేజీ హాస్టల్‌కు ఎంత దూరంలో అమ్మోనియా ట్యాంకు ఉందో చెప్పమనండి. నోరు మెదపడు.

1989లోనే ప్రమాదకర రసాయనాల నిబంధనలు వచ్చాయి, భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత. పెద్ద ప్రమాదానికి ఆస్కారం ఉన్న ఫ్యాక్టరీ గోడ లోపల అత్యవసర ప్రణాళిక యాజమాన్యం రాయాలి. గోడ బయటి ఊళ్లకు ప్రణాళిక ప్రభుత్వ యంత్రాంగం రాయాలి. బయటి ప్రణాళికను ఏడాదికి ఒక్కసారైనా రిహార్సల్ చేయాలి. ప్రమాదం జరిగితే ఏం చేయాలో చుట్టుపక్కల జనానికి ముందే చెప్పాలి. వెంకటాపురంలో ఎవరికి చెప్పారు? నేను చూసిన భద్రతా కోర్సుల సిలబస్‌లలో ఈ నిబంధనల పేరైనా కనబడలేదు. కోపెన్‌హేగెన్ స్కూలు సిద్ధాంతం మాత్రం అన్నిట్లోనూ ఉంది. బ్యారీ బుజాన్, ఓలే వేవర్ పేర్లు రాకపోతే పరీక్ష పాసవ్వరు. నాకు వాళ్ల మీద కోపం లేదు. ఏదైనా విషయాన్ని భద్రతా సమస్య అని ప్రకటించగానే మామూలు రాజకీయ చర్చకు తలుపులు మూసుకుంటాయని చెప్పినవాళ్లే వాళ్లు. ఆ మాటను నిజంగా అర్థం చేసుకున్న అధ్యాపకుడైతే తన శాఖ బోర్డు మీద భద్రత అన్న పేరు రాయడానికే కాస్త జంకేవాడు.

ఇక రిస్క్ మ్యాట్రిక్స్. నా అసలు కక్ష దీనిమీదే. అడ్డంగా ఐదు గళ్లు, నిలువుగా ఐదు గళ్లు. ఒకవైపు జరిగే అవకాశం, ఇంకోవైపు జరిగితే నష్టం. పచ్చ, పసుపు, ఎరుపు రంగులు పూస్తారు. సంక్రాంతి ముగ్గు పెట్టేటప్పుడైనా కాస్త ఆలోచన ఉంటుంది. ఈ పట్టిక నింపడానికి అది కూడా అక్కర్లేదు. ఎంబీఏ విద్యార్థి, సైబర్ సెక్యూరిటీ విద్యార్థి, విపత్తు నిర్వహణ విద్యార్థి, అందరూ ఇదే పట్టిక గీస్తారు. అవకాశం "అరుదు" అని ఎవరు రాశారు? ఏ లెక్క ఆధారంగా? నష్టం "మధ్యస్థం" అంటే ఎంతమంది? లూయిస్ ఆంథోనీ కాక్స్ అనే ఆయన 2008లోనే ఈ పట్టికల లోపాలను గణితంతో చూపించాడు. చిన్న ముప్పును పెద్దదిగా, పెద్ద ముప్పును చిన్నదిగా ఇవి చూపించగలవని, కొన్ని పరిస్థితుల్లో కళ్లు మూసుకుని చీటీ తీయడం కంటే అధ్వానంగా తీర్పిస్తాయని రాశాడు. అయినా వదలరు. ఎందుకు వదులుతారు? పట్టిక నింపిన మర్నాడు అందరికీ నిద్ర పడుతుంది. గుమాస్తా సంతకం పెడతాడు, ఆడిటర్ టిక్ కొడతాడు, మేనేజరు ఫైలు మూస్తాడు. పచ్చ గడిలో పడ్డవాడికి మాత్రం తాను పచ్చ గడిలో ఉన్నానని ఎవరూ చెప్పరు. పరుగెత్తాల్సి వచ్చినప్పుడే తెలుస్తుంది.

ఈ చదువుల్లో ఉల్రిచ్ బెక్ పేరు మంత్రంలా జపిస్తారు. రిస్క్ సమాజం గురించి 1986లో ఆయన రాసిన పుస్తకం మంచిదే. ఆధునిక కాలుష్యం, అణుధూళి వర్గాల గోడలు దాటి అందరినీ తాకుతాయన్నాడు. జర్మనీలో కూర్చుంటే అలా అనిపించి ఉండవచ్చు. స్టైరీన్ మాత్రం విశాఖలో ఉన్నవాళ్లుండే ఎంవీపీ కాలనీని వదిలేసి వెంకటాపురానికే వెళ్లింది. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి పరిశ్రమలో పేలుడు జరిగితే 40 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. అంతకు ముందు సంవత్సరం ఆగస్టులో అచ్యుతాపురంలో ఇలాంటి ప్రమాదంలోనే 17 మంది. ముప్పుకు చిరునామా ఉంది, కులం ఉంది, కాంట్రాక్టు కార్డు ఉంది. బెక్‌ను చదవండి, కాదనను. పక్కన ఈ చిరునామాల జాబితా పెట్టుకుని చదవండి.

టీవీ చర్చల సంగతి ఎత్తకపోతే పాపం. రాత్రి తొమ్మిదయితే చాలు, వ్యూహ నిపుణులు క్షిపణుల పొడవు కొలుస్తారు. పిల్లలు అవి చూసి ఈ కోర్సుల్లో చేరతారు, చేరాక తామూ అలాగే మాట్లాడతారు. 2021లో జేఎన్‌యూలో ఇంజనీరింగ్ విద్యార్థులకు ఉగ్రవాద నిరోధం మీద ఒక ఐచ్ఛిక పాఠ్యాంశం పెడితే దేశమంతా గొడవైంది. అందులో కొన్ని వాక్యాలు గొడవకు తగినవే. కానీ ఇంజనీర్లకు రసాయన ప్రమాదాల చట్టం ఎందుకు నేర్పరని ఎప్పుడైనా, ఎక్కడైనా గొడవ జరిగిందా?

సైబర్ భద్రత గురించి రెండు ముక్కలు. శత్రుదేశాల హ్యాకర్ల మీద సెమినార్లు పెట్టండి. డిజిటల్ అరెస్టు పేరుతో వీడియో కాల్‌లో భయపెడితే పింఛను డబ్బు పోగొట్టుకున్న రిటైర్డ్ మాస్టారికి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు ఫోన్ చేయాలన్న సంగతి ముందు ఎవరు చెబుతారు? ఉద్యోగాలొస్తాయి కదా అంటారా, వస్తాయి, బ్యాంకుల్లో, ఐటీ కంపెనీల్లో, పట్టికలు నింపడానికి.

మన దగ్గర ముప్పు గురించి నిజంగా నేర్చుకున్న సందర్భం లేకపోలేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన అధికారిక లెక్కల్లోనే సుమారు పదివేల మందిని మింగింది. 1990 మేలో అదే తీరం మీద దాదాపు అంతటి తుఫానే వచ్చింది. చనిపోయినవాళ్లు వెయ్యికి అటూ ఇటూ. వెయ్యి తక్కువేమీ కాదు. కానీ ఆ మిగతా తొమ్మిదివేల మందిని ఏ విశ్వవిద్యాలయ శాఖ బతికించింది? తుఫాను షెల్టర్లు కట్టారు, హెచ్చరికలు ముందే వచ్చాయి, మండల రెవెన్యూ కార్యాలయాల సిబ్బంది, గ్రామ ఉద్యోగులు గుడిసె గుడిసెకీ తిరిగి లక్షల మందిని లేపి తరలించారు. ఏ పాలెంలో ఎన్ని ఇళ్లు, ఎవరింట్లో నిండు చూలాలుంది, ఏ ముసలావిడ కోళ్లను వదిలి రానంటుంది, ఇవన్నీ తెలిసినవాళ్లు వాళ్లు. ఈ జ్ఞానాన్ని పుస్తకంగా రాసి, దానిమీద పరీక్ష పెట్టి, డిగ్రీ ఇచ్చిన విశ్వవిద్యాలయాన్ని చూపించండి. గన్నవరం దగ్గర కొండపావులూరులో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణ ప్రాంగణం ఉంది. అక్కడికి మరీ దూరం కాదు దివిసీమ. అక్కడి ముసలివాళ్లు ఇంకా బతికున్నారు, అడిగితే చెబుతారు.

మరి ఏం చేయాలంటారా? సిలబస్ రాసే పని నాది కాదు, రాసేవాళ్లకు జీతాలున్నాయి. ప్రతి విద్యార్థికీ ఒక ఫ్యాక్టరీ, దాని చుట్టూ ఉన్న ఊళ్లు అప్పగించండి. బయటి ప్రణాళిక కాగితం సంపాదించమనండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టడం కూడా పాఠమే. గాలి ఏ నెలలో ఎటు వీస్తుందో గుర్తించి, ఎటు పరుగెత్తాలో తెలుగులో రాసి పంచాయతీ గోడ మీద అతికించమనండి. మార్కులు ఆ ఊరివాళ్లు వేస్తారు. ఇంకేమేం ఉండాలో తర్వాత ఆలోచించవచ్చు.

ఈ ఏడాది మీ పిల్లల్ని ఇలాంటి కోర్సులో చేర్పించబోతున్న తల్లిదండ్రులకు ఒక మాట. ఫీజు కట్టే ముందు శాఖాధిపతి గదిలోకి వెళ్లి, మీ ప్రాంగణానికి పది కిలోమీటర్ల లోపల ప్రమాదకర రసాయనాలు నిల్వ చేసే ఫ్యాక్టరీలు ఎన్ని ఉన్నాయో చెప్పమని అడగండి. ఆయన చెప్పలేకపోతే చెక్కు జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చేయండి.