రేవు లేని నగరానికీ రేవు భద్రత కావాలి

బెంగళూరు: సముద్రమే లేని ఈ నగరానికి ఓడ ప్రమాదాలతో పనేమిటని కొందరు అడగవచ్చు. వైట్‌ఫీల్డ్ కంటైనర్ డిపోలో రైలెక్కే సరుకు సుమారు 350 కిలోమీటర్ల దూరంలోని చెన్నై రేవుకు చేరుతుంది. చిత్తూరు మామిడి గుజ్జు విదేశాలకు తరలేదీ ఆ రేవు నుంచే. రేవు ముఖద్వారంలో ఓడ నిలిచిపోతే నష్టం తీరంతో ఆగదు.

ఓడ రేవును సమీపించగానే స్థానిక జలాల లోతుపాతులెరిగిన పైలట్ చిన్న పడవలో ఎదురేగి, తాళ్ల నిచ్చెన మీదుగా పైకెక్కి, కెప్టెన్‌కు దారి చూపుతాడు. 1908 నాటి భారత ఓడరేవుల చట్టం, ప్రకటిత రేవులలో 200 టన్నులు, ఆపై ఓడలకు ఈ సహాయాన్ని తప్పనిసరి చేసింది. అయినప్పటికీ నష్టబాధ్యత నుంచి యజమానిని, కెప్టెన్‌ను తప్పించలేదు. దాని స్థానంలో 2025లో పార్లమెంటు కొత్త చట్టాన్ని ఆమోదించింది.

అయితే పైలట్ ఎక్కినంత మాత్రాన గండం గడచినట్లేనా? 2021 మార్చి 23న సూయెజ్ కాలువకు అడ్డం పడి ఆరు రోజులు ప్రపంచ వాణిజ్యాన్ని స్తంభింపజేసిన 400 మీటర్ల ‘ఎవర్ గివెన్’పై ఇద్దరు పైలట్లు ఉన్నారు. 2024 మార్చి 26న అమెరికాలోని బాల్టిమోర్‌లో వంతెనను ఢీకొన్న ‘డాలీ’పైనా పైలట్లు ఉన్నారు. విద్యుత్తు ఆగిన ఓడను వారు మళ్లించలేకపోయారు. వారు పంపిన హెచ్చరికతో వంతెనపై రాకపోకలు ఆపగలిగారు గానీ, అక్కడ పనిచేస్తున్న ఆరుగురు కార్మికులు మరణించారు. యంత్రం మొరాయిస్తే అనుభవం ఒక్కటే ఓడను నడపజాలదు.

మన తీరంలోని అనుభవం మరొక లోపాన్ని చూపుతున్నది. 2012 అక్టోబరు 31న నీలం తుపానులో లంగరు జారిన ‘ప్రతిభా కావేరి’ చమురు నౌక చెన్నై తీరానికి కొట్టుకువచ్చింది. దిగేందుకు యత్నించిన నావికులలో కొందరు లైఫ్‌బోటు బోల్తాపడి ప్రాణాలు కోల్పోయారు. 2020 అక్టోబరులో వాయుగుండం ధాటికి బంగ్లాదేశ్ నౌక ‘మా’ విశాఖలోని తెన్నేటి పార్కు వద్ద ఒడ్డెక్కింది. దాన్ని చూడడానికి జనం తరలివచ్చారు. ఈ రెండూ రేవులోకి వస్తూ దారి తప్పిన ఓడలు కావు. రేవు వెలుపల లంగరు వేసుకుని ఉన్నవి. పైలట్ బాధ్యత ఇంకా మొదలుకాని చోటనే ప్రమాదం జరిగింది.

కాబట్టి పైలట్ల శిక్షణ ఎంత ముఖ్యమో, వెలుపల వేచి ఉన్న ఓడలపై నిఘా అంతే ముఖ్యం. తుపాను సూచన అందగానే వాటి ఇంధనాన్ని, యంత్రాల స్థితిని విచారించి, సకాలంలో లోతు జలాలకు పంపాలి. కదలలేని ఓడకు టగ్గుల సాయం అందించాలి. ఆ ఖర్చును యజమాని నుంచి తరువాత రాబట్టవచ్చు. ఎవరు చెల్లిస్తారన్న వాదన తేలేదాకా తుపాను ఆగదు.